తెర ఒకటే... యంత్రాలు నాలుగు!

మొన్న వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్ దగ్గర టీ తాగుతుంటే ఓ కుర్రాడు దిగాలుగా కనిపించాడు. "ఏమిటోయ్, నీ హీరో బొమ్మ ఫ్లాపయిందా?" అన్నాను.

"కాదు గురువుగారూ, ఉద్యోగమే పోయేట్టుంది!"

నాలుగు కంప్యూటర్లు, నాలుగు ప్రొజెక్టర్లు కలిసి ఒకే పెద్ద తెర నింపాలట. వీడు నాలుగింటికీ బొమ్మ మొత్తం గీయమన్నాడు. అవి ఆయాసపడ్డాయి, బొమ్మ కుంటింది!

"1952లో న్యూయార్కులో మొదలైన సినిరమా సంగతి విన్నావా? వంపు తెర మీద మూడు ప్రొజెక్టర్లు తలో మూడో వంతు బొమ్మ వేసేవి. మూడూ ఒకే అడుగుతో నడిచేవి. నువ్వూ అంతే! ఎవరి కిటికీ వాళ్లకి పంచు. అందులో కనపడని వస్తువు జోలికి పోవద్దను. కానీ ముందు గీసింది ముందు చూపించకూడదు. ఆఖరిది ముగించాకే నాలుగూ ఒక్కసారిగా మార్చాలి. లేకపోతే పరుగెత్తే హీరో ముందుకాలు ఒక క్షణంలో, వెనకకాలు ఇంకో క్షణంలో!"

నిన్న మళ్లీ కలిశాడు. "ఉద్యోగం నిలిచింది గురువుగారూ. అతుకుల దగ్గరే సన్నగీత..."

"సినిరమా వాళ్లనీ ఆ గీతే ఏడిపించింది. అంచులు కాస్త ఒకదానిమీద ఒకటి పడనిచ్చి, అక్కడ వెలుగు తగ్గించి చూడు!"

టీ డబ్బులు మాత్రం వాడే ఇచ్చాడండోయ్!