కలర్ సెన్సర్ కొన్నారా? ముందు మిర్చి మీద పెట్టి చూడండి

కలర్ సెన్సర్‌తో ప్రాజెక్ట్ అనగానే మనవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. ఎర్ర కాగితం పెడితే ఎర్ర లైట్, పచ్చ కాగితం పెడితే పచ్చ లైట్. ఒక వీడియో తీస్తారు, ఆ తర్వాత సెన్సర్ డబ్బాలోకి పోతుంది. నన్నడిగితే ఆ డెమోతో సెన్సర్ సత్తా ఏంటో తెలీదు. మన గుంటూరు వైపు అంతకంటే గట్టి పరీక్ష కల్లంలోనే ఉంది: ఎండుమిర్చి.

ఎర్రకాయకీ తాలుకాయకీ తేడా ఇక్కడ పిల్లలకీ తెలుసు. రంగు పోయి తెల్లబారిన తాలుకి యార్డులో ధర బాగా తక్కువ. అందుకే అమరావతి చుట్టుపక్కల పల్లెల్లో కాయ ఎండాక కూలీలు కూర్చుని తాలు ఏరతారు. కంటికి సులువైన ఈ పని ఆర్డుయినోకి ఎంత కష్టమో చేస్తేనే అర్థమవుతుంది.

ఎక్కువమంది కొనేది టీసీఎస్3200. అందులో 64 ఫోటోడయోడ్‌లు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో 16 చొప్పున, ఫిల్టర్ లేనివి ఇంకో 16. మీద పడే వెలుతురు పెరిగితే అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. కానీ చాలా కోడ్‌లు కొలిచేది పల్స్ వెడల్పుని. అందుకే వెలుతురు ఎక్కువైతే స్క్రీన్ మీద అంకె తగ్గుతుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. టీసీఎస్34725 అయితే ఐటూసీ ద్వారా నేరుగా అంకెలిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ కూడా ఉంది. నా ఓటు దీనికే.

అయితే ఏది కొన్నా, సెన్సర్ చూసేది కాయ నుంచి తిరిగొచ్చిన వెలుతురునే. కిటికీ పక్కన ఒక అంకె, ట్యూబ్‌లైట్ కింద ఇంకో అంకె. పైగా మిర్చి తొక్కకి నిగనిగ ఉంటుంది. లైట్ సూటిగా తగిలితే ఎర్రకాయ కూడా తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి చెప్పుల డబ్బా లోపల నల్లకాగితం అంటించి, మాడ్యూల్ మీదున్న ఎల్‌ఈడీ వెలుతురులోనే చదవండి. మొదట తెల్లకాగితం, నల్లకాగితం పెట్టి రెండు హద్దులూ నోట్ చేసుకోండి. ఎరుపు అంకెని ఫిల్టర్ లేని అంకెతో భాగిస్తే వెలుతురు హెచ్చుతగ్గుల ప్రభావం చాలావరకు తగ్గుతుంది. సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న కాయలుంటాయి కదా, ఒక్కో కాయని తిప్పుతూ మూడు నాలుగు సార్లు చదవండి.

ఇంతా చేశాక బాగా పనిచేస్తే సంతోషమే. కానీ దానికి ‘క్వాలిటీ మీటర్’ అని పేరు పెట్టొద్దు. ఎగుమతి వ్యాపారంలో రంగుని ఆస్టా విలువతో చెప్తారు. మిర్చి రంగుని ఎసిటోన్‌లో కరిగించి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 460 నానోమీటర్ల దగ్గర కొలిస్తే వచ్చే అంకె అది. మన సెన్సర్ చూసేది తొక్క మీద ఒక మచ్చంత చోటు మాత్రమే. రెండూ ఒకటి కావు. డిస్‌ప్లే మీద అంకె కనిపిస్తే జనం నమ్మేస్తారు. ఆ అంకె చూపించి ఎవరైనా క్వింటాకి వంద తగ్గిస్తే, నష్టం రైతుకి.

అందుకే నా సలహా ఇది. తాలు ఏరడంలో చెయ్యి తిరిగిన ఒకరిని వంద కాయలు వేరు చేసి పెట్టమనండి. అవే కాయలు మీ సెన్సర్‌కి చూపించండి. ఎర్రకాయని తాలు అన్నవి ఎన్ని, తాలుని ఎర్రకాయ అన్నవి ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టండి. మొదటి తప్పుతో మంచి కాయ తాలు ధరకి పోతుంది, రెండోదానితో మొత్తం లాట్ ధరే పడిపోవచ్చు. ఈ రెండు లెక్కలూ వీడియోలో పెట్టిన ప్రాజెక్ట్‌నే నేను నమ్ముతాను, అది నూటికి ఇరవై తప్పులు చేసినా సరే.