రొయ్య యింటి గంట

మొన్న ఆదివారం తెల్లవారుతూనే మా బావమరిది నెల్లూరు నుంచి దిగాడు. ఎప్పుడొచ్చినా చేతిలో రొయ్యల డబ్బా వుండేది. యీసారి వుత్త చేతుల్తో వచ్చాడు. వాడి మొహం చూసి మా ఆవిడ, "చెరువు పోయిందట్రా?" అంది. వాడు తల వూపాడు. పిల్ల వదిలి నలభై రోజులైందట. వైట్‌స్పాట్ తగిలింది. వారం తిరక్కుండా గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలే. వాడి భార్య గాజులు బ్యాంకులో వున్నాయి.

కాఫీ తాగుతూ అడిగాడు: "బావగారూ, మా పసిదానికి ఎన్ని టీకాలో వేయించామే! రొయ్యకి వొక్క టీకా లేదేమండీ? రోగాన్ని తట్టుకునే శక్తి పెంచుతుందంటే యిరవై వేలు పెట్టి సీసాలు పోశాను."

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

టీకా పనిచేసేది జ్ఞాపకం మీద. వొకసారి చూసిన శత్రువును మన వొళ్ళు గుర్తుంచుకుని, వాడికి తగిన యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. రొయ్యకు, పీతకు, నత్తకు ఆ యాంటీబాడీలు లేవు. అందుకే రైతు నమ్ముకోదగిన రొయ్య టీకా యివాళ్టికీ రాలేదు.

మరి సూక్ష్మజీవులతో కిటకిటలాడే సముద్రంలో అవెలా బతుకుతున్నాయి? వాటి కణాల గోడమీద వొక గంట వుంది. పేరు టోల్. టోల్‌గేటు అనుకునేరు! జర్మన్ భాషలో 'అద్భుతం' అని అర్థం. క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ అనే శాస్త్రవేత్త పళ్ళమీద వాలే చిన్న యీగలో దీని ప్రభావం చూసి ఆ మాటే అన్నారట. అదే పేరైంది. 1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బోర్గ్‌లో జూల్ హోఫ్‌మన్ బృందం, యీ గంట చెడిన యీగ బూజుకు బలైపోతుందని చూపింది. 2011లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఆ గంట రొయ్యలోనూ వుంది. సూక్ష్మజీవి చొరబడగానే నెత్తుటిలోని ష్పెట్స్‌లె అనే మాంసకృత్తు పదునెక్కి గంట కొడుతుంది. (జర్మన్ల యింట్లో వొకరకం సేమ్యా పేరు అది!) కణం లోపల డోర్సల్ అనే మరో మాంసకృత్తు ఆ కబురందుకుని జన్యువుల దగ్గరికి పరుగెడుతుంది. వెంటనే సూక్ష్మజీవుల్ని చంపే సరుకు తయారవుతుంది. వైరస్ సోకిన కణమైతే వాగో అనే మాంసకృత్తును బయటికి వదిలి యిరుగుపొరుగు కణాల్ని హెచ్చరిస్తుంది. సీ అర్చిన్ అని వొళ్ళంతా ముళ్ళుండే సముద్రజీవి వొకటుంది. 2006లో దాని జన్యువులు చదివితే టోల్ జాతి గంటలు 222 లెక్కకొచ్చాయి. మనిషికి వున్నవి పది!

"యిన్ని గంటలుండీ మా రొయ్యలెందుకు చచ్చాయండీ?" అన్నాడు వాడు.

అక్కడే వుంది దొంగ తెలివి. 1994-95ల్లో మన కోస్తా టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైరస్సే యిది. 2009లో వనామీకి అనుమతి వచ్చింది, తెగులు మాత్రం పోలేదు. యీ వైరస్ తన మొదటి జన్యువు ముందు వొక తాళం పెట్టుకుంది. డోర్సల్ లాంటి మాంసకృత్తులు వచ్చి అంటుకుంటే ఆ తాళం తెరుచుకుంటుంది. అంటే యింటివాళ్ళను లేపాల్సిన గంట దొంగకూ పనికొస్తోంది! గంటను యింకా గట్టిగా మోగిస్తే చాలుననుకోవడానికి లేదు.

అందుకని దొంగను గుమ్మం బయటే ఆపాలి. పరీక్ష చేయించిన పిల్లే వదలాలి. నీళ్ళు శుద్ధిచేసి పెట్టాలి. తెగులు మోసే పీతలు రాకుండా కంచె, చచ్చిన రొయ్యల్ని యీ చెరువునుంచి ఆ చెరువుకు మోసే పక్షులకు వలా కట్టాలి.

"కంచె వేశావురా?" అని అడిగాను.

వాడు గ్లాసులోకి చూస్తూ, "ఆ డబ్బే సీసాలకు పెట్టాను బావగారూ" అన్నాడు.

యింట్లో ఎవ్వరం మాట్లాడలేదు. కాసేపటికి మా ఆవిడ లోపలికి వెళ్ళి, తన గాజుల పెట్టె తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"ముందు కంచె, తర్వాతే పిల్ల. సీసా కొన్నావని తెలిస్తే మా గడప తొక్కకు" అంది.

నేను చెప్పిన సైన్సంతా ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది.