చేతిపని నేర్పడమూ విద్యాదానమే

విద్యాదానం అనగానే మన మనసు అక్షరాల వైపే పోతుంది. వేదపాఠశాలకు, బడికి భక్తితో విరాళమిస్తాం. చేతికి పని నేర్పడం కూడా విద్యాదానమేనన్న సంగతి అంతగా తోచదు. మనుస్మృతి రెండవ అధ్యాయం మాత్రం విద్యతోపాటు వివిధ శిల్పాలను ఎక్కడి నుంచైనా స్వీకరించవచ్చునని అనుమతించింది. శిల్పమంటే రాతిపని ఒక్కటే కాదు. చేతి నేర్పు ఏదైనా శిల్పమే.

ఇందుకు గోదావరి తీరమే నిదర్శనం. సీతారాములు నివసించారని భక్తులు విశ్వసించే పర్ణశాల ఉన్నది దుమ్ముగూడెం మండలంలో. ఆ దుమ్ముగూడెంలోనే 1844లో స్కాట్లాండుకు చెందిన మెక్‌రే అనే క్రైస్తవ మిషనరీ దంపతులు స్థానిక స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఒక కొక్కెపు సూది, ఒక నూలు ఉండ, అంతే సరంజామా. ఆ విద్య దిగువ గోదావరికి చేరి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడింది. తల్లి నుంచి కూతురికి సంక్రమిస్తూ, మతభేదం లేకుండా ఇంటింటి విద్య అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే ఈ చరిత్రలోనే మరో పాఠమూ ఉంది. లేసు దేశాంతరాలకు ఎగుమతి అవుతున్నా, దానిని అల్లిన స్త్రీలను శ్రామికులుగా గాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా ఎంచి స్వల్ప కూలితో సరిపెట్టారని మరియా మీస్ 1982లో వెలువడిన తన గ్రంథంలో వివరించారు. పని నేర్పి, దాని విలువ నేర్పకపోతే ఆ దానం సగమే.

ఆ సగాన్ని పూరించే అవకాశం మన ఆలయాలకు ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో ఎన్నో కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి. రెండు కుట్టుమిషన్లు, ఓర్పుగల ఒక గురువు ఉంటే చాలు. పిల్లలకు, ఆడ మగ తేడా లేకుండా, గుండీ కుట్టడం, చిరుగు అతకడం నేర్పవచ్చు. పెద్దలకు కొలతలు, కత్తిరింపుతోపాటు ధర కట్టడం, లెక్క రాయడం కూడా నేర్పాలి. వచ్చినవారి కులమతాలు అడగరాదు.

దేవుని సన్నిధిలో బతుకుతెరువు పనులేమిటని కొందరు శంకించవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ ఆలయాల ఆశ్రయంలోనే వికసించింది. తిరుపతిలో దేవస్థానం నడిపే శిల్ప విద్యాసంస్థలో కలంకారీ కూడా బోధనాంశమే. ఇది మనకు కొత్త మార్గం కాదు, మరచిన మార్గం.

స్వామికి పట్టువస్త్రం సమర్పించి పులకిస్తాం. ఆ వస్త్రానికి అంచు కుట్టిన చేతికి గౌరవంగా నాలుగు మెతుకులు దక్కేలా చూడడం కూడా ఆయన కైంకర్యమే.