మన సాహిత్యం చూడని వితంతువు

వితంతు సమస్య తెలుగు సాహిత్యంలో ఏనాడో తీరిపోయిన సమస్య అని మన విమర్శకులు చాలామంది నమ్ముతున్నారు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు; గురజాడ బుచ్చమ్మనూ మీనాక్షినీ మన కళ్లముందు నిలబెట్టారు. ఆ వుద్యమపు గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. ఏటా తరగతిలో ఆ పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ణే. కాని ఆ వితంతువు ఎవరు? పునర్వివాహం నిషిద్ధమైన అగ్రవర్ణ హిందూ స్త్రీ. ఇస్లాం గాని, క్రైస్తవం గాని వితంతువు మళ్లీ పెళ్లాడరాదనలేదు. యీ మతాల పేదరాలికి మొదటి సమస్య పెళ్లి కాదు, తిండి. అందుకే ఆమె మన సాహిత్యానికి ఆనలేదు.

పోయిన సంవత్సరం, పలాస జీడి కార్ఖానాలో పప్పు పొట్టు తీసే వొక ముస్లిం స్త్రీకి తోడుగా పింఛను కోసం వొక కార్యాలయానికి వెళ్లాను. ఆమె భర్త చెన్నైలో కట్టడం పనిలో వుండగా చనిపోయాడు. శవాన్ని తెచ్చి యిక్కడ ఖననం చేశారు. మరణం జరిగిన చోటనే నమోదు కావాలన్నది చట్టం. ఏడాది దాటితే మేజిస్ట్రేటు వుత్తర్వు కావాలి. రేషను కార్డులో ఆమె 'బీబీ', ఆధారులో 'బేగం'. గుమాస్తా కాగితాలు తిరగేసి, "మీకు వక్ఫ్ బోర్డు వున్నది గదమ్మా, అక్కడ అడగరాదా?" అన్నాడు. బయటికి వచ్చాక ఆమె అన్నది: "ఆయన చచ్చిపోయినట్టు ఆయనే వచ్చి చెప్పాలా మాస్టారూ?"

గుమాస్తా మాట అతని సొంతం కాదు. 1986 చట్టం విడాకులు పొందిన ముస్లిం స్త్రీ పోషణను బంధువులమీదికీ, వారు లేకుంటే వక్ఫ్ బోర్డులమీదికీ నెట్టింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, సామాన్య చట్టం కింద మనోవర్తి ఆమెకూ హక్కేనని తేల్చింది. విడాకులు పొందిన స్త్రీకి వర్తించిన యీ న్యాయం వితంతువుకు మాత్రం ఎందుకు వర్తించదు? పౌరురాలిని ఆమె మతానికి అప్పగించి ప్రభుత్వం చేతులు దులుపుకోరాదు.

టెక్కలి వైపు దళిత క్రైస్తవ వితంతువు చిక్కు మరొకటి. భర్త మరణానికి ఆమె దగ్గరున్న రుజువు చర్చి పుస్తకంలోని ఖననం పద్దు. దాన్ని చూపిస్తే క్రైస్తవం బయటపడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి వుత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు; క్రైస్తవులకు లేదు. తన పింఛను కోసం పిల్లల కుల ధృవపత్రాన్ని పణం పెట్టే తల్లి వుంటుందా? ఆమె పుస్తకం చూపదు, పింఛను రాదు.

"నిబంధనలు అందరికీ వొకటే గదా!" అంటారు. నిజమే, నిబంధన మతం అడగదు. కాగితం అడుగుతుంది. 2024 జూలై నుంచి రాష్ట్రం వితంతువుకు నెలకు 4,000 రూపాయలిస్తున్నది. అది మెచ్చదగిన పనే. కేంద్రం తన పథకంలో 2012లో నిర్ణయించిన 300 దగ్గరే ఆగింది. అదీ నలభై నిండినవారికే. భర్త పింఛనుదారై చనిపోతే భార్యకు వెంటనే యిచ్చే పద్ధతి వొకటి వచ్చింది. కాని ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు నడివయసు కష్టజీవులను మింగుతున్నది; ఏ పింఛనూ లేకుండా ముప్పై ఎనిమిదేళ్లకు పోయిన కూలీ భార్యకు ఆ దారి ఎక్కడ?

గ్రామంలో విచారించి మరణాన్ని నిర్ధారించాలి. మసీదు, చర్చి పద్దులను మరణానికి మాత్రమే రుజువుగా తీసుకోవాలి. కులం తేల్చడానికి వాటిని వాడరాదు. పేరులో అక్షరభేదానికి ఆమె వాంగ్మూలం చాలాలి. యివి దానాలు కావు, హక్కులు. యీ జిల్లాలో ఆమె వోట్లు కొద్ది. అందుచేత ఆమె తరఫున అడిగే పార్టీలూ కొద్ది. విద్యార్థులూ, వుపాధ్యాయులూ ఆ కార్యాలయపు బల్లల ముందు ఆమె పక్కన నిలబడాలి. బుచ్చమ్మ కోసం కంటనీరు పెట్టిన పాఠకుడు యీమె దరఖాస్తు రాసిపెట్టలేకపోతే, మన అభ్యుదయం పాఠ్యపుస్తకం దాటలేదన్నమాటే.