చిలిపి చేష్టలకు హద్దు ఉండాలి

దూలగొండి కాయ సంగతి తెలియని బడి పిల్లవాడు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఉండడు. దాని నూగు తోటివాడి బెంచీ మీద చల్లడం, ఉత్తరేణి గింజలు అంగీ వెనుక అంటించడం, చెప్పులు ఎత్తుకుపోయి చింతకొమ్మకు వేలాడదీయడం తరతరాలుగా జరుగుతున్నవే. ఇవేవీ చేయకుండా పదో తరగతి దాటిన పెద్దమనుషులు గ్రామానికి ఎందరున్నారో వారే చెప్పాలి.

ఇటువంటి వాటికి వంతు ఉంటుంది. ఈరోజు గీక్కున్నవాడు రేపు పగ తీర్చుకుంటాడు, ఎల్లుండి ఇద్దరూ కలిసి గోలీలాడతారు. అయితే అదే నూగు కంట్లో పడితే ఆస్పత్రికి పరుగెత్తవలసి వస్తుంది. నల్లజీడి రసం పూస్తే చర్మం పొక్కి మచ్చ మిగులుతుంది. అది ఆట కాదు. ప్రతిసారీ ఒకే పిల్లవాడిని ఎంచుకుని పదిమంది చేరి చేసేది అసలే కాదు.

దూలగొండి కన్నా దారుణమైనది పేరు పెట్టి పిలవడం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు ఫ్లోరైడ్ నీటితో పడిన బాధ అందరికీ తెలిసిందే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిగురు లోపల దంతాలు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, అంతకు మించిన నీరు తాగిన పిల్లల పండ్ల మీద గోధుమరంగు గార ఏర్పడుతుంది. వేపపుల్లతో ఎంత తోమినా అది పోదు. మిషన్ భగీరథ నీరు వచ్చినా, ముందే పడిన మచ్చ పడినట్టే ఉంటుంది. ఊరి బావి చేసిన నేరానికి 'గారపండ్లోడు' అనే బిరుదు మాత్రం పిల్లవాడికి దక్కుతుంది. ఆడపిల్లయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంటుంది. తరువాత మాట్లాడటమే మానుకుంటుంది.

పాలమూరు వైపు మరొక తీరు. తల్లిదండ్రుల వెంట ముంబై, పుణె పనులకు వెళ్లి ఏడాది మధ్యలో తిరిగి వచ్చిన పిల్లవాడు తనకన్నా చిన్నవాళ్ల నడుమ కూర్చోవలసి వస్తుంది. వాడి వయసు, వాడి మాట, వాడి అంగీ అన్నీ నవ్వులాటకు సరుకే. విచారకరమైన విషయమేమంటే, ఇటువంటి మారుపేర్లలో కొన్ని మొదట సారు నోటి నుంచే వెలువడతాయి. హాజరు పట్టీలో తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండగా ఉపాధ్యాయుడికి మరో పేరుతో పనేమిటి?

ఇక హాస్టళ్లు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాల వల్ల ఎన్నో పేద ఇళ్లలో దీపం వెలిగింది. కానీ ఇంటి నుంచి వచ్చే పిల్లవాడు సాయంత్రం ఇల్లు చేరి అమ్మకు చెప్పుకుంటాడు. హాస్టల్ పిల్లవాడికి రాత్రి కూడా ఆ గుంపుతోనే గడుస్తుంది. పెద్ద తరగతుల వారి బట్టలు ఉతికించుకోవడం, పళ్లెంలో గుడ్డు లాక్కోవడం వార్డెన్‌కు తెలియకుండా సాగే పనులు కావు.

ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం కాలేజీలకే అని చాలామంది అనుకుంటున్నారు. చదువు చెప్పే సంస్థలన్నీ, హాస్టళ్లు కూడా దాని కిందికి వస్తాయి. వేధించి అవమానించడానికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు అందినా కదలని సంస్థాధిపతి ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క. పదేళ్ల పిల్లవాడిని ఠాణాకు ఈడ్చమని ఎవరూ కోరరు. అయితే 'పిల్లల గొడవలు' అని తోసిపుచ్చే ప్రధానోపాధ్యాయులు ఈ చివరి మాట చదువుకోవాలి. చెప్పుకునే దిక్కులేని పిల్లలకు 1098 నంబరు ఉంది. దానిని బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి సున్నం ఖర్చు తప్ప మరేమీ కాదు.

తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల సంగతి ఎలాగూ వస్తుంది. దానితోపాటు బడి మానిన పిల్లల పట్టీ కూడా బల్ల మీద పెట్టాలి. చదువు అంటలేదని రాసుకున్న ప్రతి ఇంటికీ ఒక ఉపాధ్యాయుడు వెళ్లి, తోటివారు ఏమని పిలిచేవారో ఆ పిల్లవాడినే అడిగి తెలుసుకోవాలి.