ప్రదర్శనశాల: ఖైదా, పురిటిల్లా?

భారతదేశం నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు నయాగరా చూపించిన మరునాడు టొరంటో జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్ళడం ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఆనవాయితీ. 1974లో ప్రారంభమైన ఆ శాలలో నేడు ఏనుగులు లేవు. చివరకు మిగిలిన ఇరింగా, టోకా, తికాలను కాలిఫోర్నియాలోని అభయాశ్రమానికి పంపాలని నగరపాలక మండలి 2011లో తీర్మానించింది. రెండేళ్ళ వాదప్రతివాదాల అనంతరం, 2013 అక్టోబరులో, అవి లారీలలో తరలివెళ్ళాయి.

ఆ నిర్ణయం సమంజసమే. మైళ్ళ కొద్దీ నడవవలసిన ప్రాణిని దీర్ఘమైన శీతకాలమంతా కొట్టంలో నిలబెడితే పాదాలు, కీళ్ళు చెడతాయి. ఇది గ్రహించడానికి కరుణ కూడా అక్కరలేదు, శరీరధర్మశాస్త్రం చాలు. ఎడ్మంటన్‌లోని లూసీ 1977లో శ్రీలంక నుంచి వచ్చి, 2007లో తోటి ఏనుగు వెళ్ళిపోగా ఒంటరిగా మిగిలింది. శ్వాసకోశ వ్యాధి వల్ల దానికి ప్రయాణం ప్రమాదకరమని అక్కడి అధికారుల వాదన. పిల్లలు ఏనుగును కళ్ళారా చూడవద్దా అంటారు కొందరు. ఒంటరి ఏనుగును చూసి వారు నేర్చుకునేది ఏనుగును గురించి కాదు.

అలాగని ప్రదర్శనశాలలన్నిటినీ మూసివేయమనడం తొందరపాటు. ఉడుత కుటుంబానికి చెందిన వాంకూవర్ దీవి మార్మాట్‌లు 2003 నాటికి అడవిలో ముప్పై అయినా లేవు. 1997 నుంచి టొరంటో, తరువాత కాల్గరీ ప్రదర్శనశాలలు వాటిని పెంచి, పిల్లలను తిరిగి కొండలకు పంపినందువల్లనే నేడు వందల సంఖ్యలో ఉన్నాయి. మార్మాట్‌కు అది పురిటిల్లు, ఏనుగుకు యావజ్జీవ ఖైదు.

తిమింగలాలను, డాల్ఫిన్లను వినోదార్థం నిర్బంధించడాన్ని పార్లమెంటు 2019లో నిషేధించింది. ఏనుగులకై 2023లో సెనేట్ ముందుకు వచ్చిన బిల్లు 2025 జనవరిలో, సమావేశాలు ముగియడంతో, మురిగిపోయింది. దానిని మళ్ళీ ప్రవేశపెట్టవలసి ఉన్నది.