బొంతల ముచ్చట

మార్గశిరము వచ్చినది, మా హుకుంపేట కొండలపై చలి ముదిరినది. సంస్కృతమున కంథయనియు, వంగదేశమున కాంథాయనియు బిలువబడునది మన బొంత వంటిదే. ఈ మాసము మేము కొందఱము గూడి పాత నూలుచీరల ముక్కలు మార్చుకొని, సంతలో దారము కొని, పుట్టబోవు బిడ్డకొక బొంత కుట్టితిమి. మాలో నిండుచూలాలైన యొక చెల్లెలు, గతించిన తన తల్లి చీరచెంగు దెచ్చినది. దానినే పైపొరగా నుంచితిమి; బిడ్డకు అమ్మమ్మ యొడి దక్కవలదా?

నలగిన గుడ్డయే మేలు. చివికిన చోట్లు మాత్రము విడువుడు. క్రొత్తగుడ్డ చేర్చినచో నుతుకగనే యది ముడుచుకొని బొంత ముడుతలు పడును. పొరలు పఱచి, నడుమనుండి యంచులకు టాకాలు వైచి, పిదప దగ్గఱగా గుట్టుడు. శిశువునకు దీనిని క్రింద బఱువుడు, పైని గప్పకుడు. మొగముపైకి జాఱిన నూపిరాడదు.

అంచుకుట్టు గూర్చి వచ్చు మాసమున వ్రాసెదను.